బండిలో ఇల్లు.. ఆర్‌సీలో ఎక్కడ?

ఓ మంచం, ఓ స్టవ్, వెనకాల చిన్న బాత్‌రూం. వ్యాన్‌లోనే ఇల్లు కట్టుకుని ఊళ్లు తిరగాలని ఎవరికుండదు? ఆ ముచ్చటతోనే మా బావ మేడ్చల్‌లో ఓ వ్యాన్ బేరం చేశాడు. అడ్వాన్స్ ఇచ్చే ముందు మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా మేం తిరిగిన ఒక్కరోజు ప్రయాణమిది.

ముచ్చటంటే ముచ్చటే కాదు. అత్తమ్మకు డెబ్బై రెండేళ్లు. మోకాళ్లు వంగవు, గంటకోసారి బాత్‌రూంకు వెళ్లాలి. వేములవాడ రాజన్నను చూడాలని మూడేళ్లుగా అడుగుతోంది. దారిలో ఆగిన చోటల్లా మెట్లు, తడి నేల, గొళ్లెం పడని తలుపులు. ఓసారి సగం దారి నుంచే వెనక్కి తీసుకొచ్చారు. ఆ రోజు నుంచి బావ మనసులో ఈ వ్యాన్ తిరుగుతోంది.

పదిహేను రోజుల్లో ఇల్లు!

పొద్దున్నే బయల్దేరి సుచిత్ర, కొంపల్లి దాటి మేడ్చల్ చేరాం. ఒకప్పటి ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పటి 44. నాగ్‌పూర్ వైపు పోయే లారీలు, కంటైనర్లు ఆగకుండా సాగిపోతుంటాయి. రోడ్డు పక్కనున్న షెడ్డులో మా వ్యాన్ నిలబడి ఉంది. పన్నెండు సీట్లు, పసుపు నంబరు ప్లేటు. ఇన్నాళ్లూ ఏదో కంపెనీ ఉద్యోగుల్ని మోసిందట.

షెడ్డు యజమాని సుద్దముక్కతో నేల మీదే ప్లాన్ గీసేశాడు. ‘‘ఇగో సార్, ఈడ మంచం, ఈడ సింకు, ఎన్క బాత్‌రూం. కిటికీలు రెండు మూసేస్తే గోడలెక్క అయితది. పదిహేను రోజుల్ల తాళంచెవి చేతుల పెడ్త.’’

‘‘మరి కాయితాలు?’’ అడిగాడు బావ.

‘‘గవెవ్వలు అడుగుతరు సార్!’’

బావ ముఖం వెలిగింది. నాకే ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. అడ్వాన్స్ సాయంత్రం ఇస్తామని చెప్పి బయటపడ్డాం.

కదిలే ఇల్లు మనకు కొత్తా?

ఆ మాటకొస్తే తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. మన తాతలు గూడుబండిలో గడ్డి పరిచి, దాని మీద బొంత వేసి, పిల్లాపాపలతో జాతరలకు వెళ్లినవాళ్లే. ఇక 1982ను మరిచిపోగలమా? పాత షెవ్రొలే వ్యాన్‌ను మార్పించి, దానికి ‘చైతన్య రథం’ అని పేరుపెట్టి ఎన్టీఆర్ రాష్ట్రమంతా తిరిగారు. స్టీరింగ్ పట్టింది కొడుకు హరికృష్ణ. తిండీ నిద్రా ఆ బండితోనే. ఇప్పుడైతే సినిమా షూటింగ్ ఎక్కడుంటే అక్కడ క్యారవాన్లు వరసకడతాయి. కేరళ ప్రభుత్వం 2021లో ‘కేరవాన్ కేరళ’ పేరుతో వీటికోసం ప్రత్యేక పర్యాటక విధానమే తెచ్చింది.

అయితే చైతన్య రథం తిరిగిన రోజులు వేరు. ఇప్పుడున్న మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది, 1989 జులై 1 నుంచి అమలైంది. అందులోని 52వ సెక్షనే మా వ్యాన్‌కు అడ్డంగా నిలబడింది.

‘ఆర్‌సీ తీయండి’

మేడ్చల్‌లో అవుటర్ రింగు రోడ్డెక్కితే శామీర్‌పేట పావుగంట. 158 కిలోమీటర్ల అవుటర్‌లో ఇది ఆరో నంబరు ఎగ్జిట్ నుంచి ఏడో నంబరు ఎగ్జిట్‌కు చేసే చిన్న ప్రయాణం. అటు వెళ్లడానికి కారణం ఉంది. రవాణా శాఖలో మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన ఓ పెద్దాయన శామీర్‌పేటలో ఉంటారు, మాకు దూరపు చుట్టం. వాకిట్లో కుర్చీలు వేయించి, చాయ్ వచ్చేలోపే అడిగారు: ‘‘ఏదీ, ఆర్‌సీ తీయండి.’’

సెల్‌ఫోన్‌లో ఉన్న ఫొటో చూపించాం. ఒక్కో గడి మీద వేలు పెట్టి చదివారు. బాడీ ఏ రకం, ఎన్ని సీట్లు, ఖాళీ బండి బరువెంత.. ‘‘మంచం వేస్తే సీట్లు పోతాయి. బాత్‌రూం కడితే బరువు మారుతుంది. కిటికీలు మూస్తే బాడీయే మారుతుంది. మరి ఈ కాయితం ఏ బండిదన్నట్టు?’’

ఆయన చెప్పిందాన్ని క్లుప్తంగా చెప్పుకొంటే.. కంపెనీ తయారు చేసినప్పటి వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదన్నది 52వ సెక్షన్. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఓ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి 182-ఎ సెక్షన్‌ను మార్చారు. అనుమతి లేని మార్పు చేస్తే యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

‘‘అంటే క్యాంపర్ వ్యాన్ అసలు కుదరదా?’’ బావ గొంతు తడారిపోయింది.

‘‘కుదరదని ఎవరన్నారు?’’ నవ్వారాయన. కేంద్రం 2004 నవంబరులో ఇచ్చిన వాహనాల జాబితాలోనే సొంతానికి వాడుకునే క్యాంపర్ వ్యాన్ ఉంది. మోటార్ క్యారవాన్ ఎలా ఉండాలో చెప్పే ప్రమాణమూ ఉంది, దాని పేరు ఏఐఎస్-124. కాకపోతే వరస తిరగేసి ఉంటుంది. ముందు డిజైన్, తర్వాత పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థల్లో పరీక్ష, ఆ తర్వాతే బాడీ. కొత్త ఛాసిస్ మీద బాడీ కట్టించుకుంటే ఫారం 22-ఎ కావాలి. అందులో ఒక భాగం ఛాసిస్ కంపెనీ, మరో భాగం బాడీ బిల్డరు సంతకం చేస్తారు. అప్పుడు ఆర్‌సీలోనే అది క్యాంపర్ అని పడుతుంది. ఇదంతా మోడళ్లు తయారు చేసేవాళ్లను దృష్టిలో పెట్టుకున్న దారి. ఓ పాత వ్యాన్ కొన్న మనిషి ఒంటరిగా దాటే గడప కాదు. పైగా మాది పసుపు ప్లేటు బండి. దాన్ని సొంత బండిగా మార్చుకోవడం మళ్లీ వేరే పని.

ఇక్కడ ప్లాటు కొనేవాడు హెచ్‌ఎండీఏ అనుమతి ఉందా, చెరువు ఎఫ్‌టీఎల్‌లోకి వస్తుందా అని పదిసార్లు అడుగుతాడు. నాలుగు చక్రాల ఇంటికి మాత్రం ఒక్కసారీ అడగడు. పెద్దాయన ఆ మాట అంటుంటే బావ తల దించుకున్నాడు. రెండేళ్ల కిందట శామీర్‌పేటలో ప్లాటు కొన్నప్పుడు తనూ ఈ ప్రశ్నలన్నీ అడిగినవాడే మరి.

అదే రోడ్డు మీద..

జరిమానా సంగతి వదిలేయండి, కట్టేస్తాం. ప్రాణం సంగతి? మేడ్చల్ మీదుగా పోయే 44వ నంబరు రహదారే నగరం దాటి దక్షిణాన కర్నూలుకు వెళ్తుంది. ఆ దారిలోనే 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బస్సు కాలిపోయి 45 మంది చనిపోయారు. మళ్లీ 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు సమీపంలో హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సులో 19 మంది ప్రయాణికులు మంటలకు బలయ్యారు. సీట్ల బస్సుగా అనుమతి తీసుకుని దాన్ని స్లీపర్‌గా మార్చారని ఆ తర్వాత వార్తలొచ్చాయి.

షెడ్డులో సుద్దముక్కతో గీసిన ప్లాన్ నాకు మళ్లీ గుర్తొచ్చింది. మూసేసిన రెండు కిటికీలు, చుట్టూ ప్లైవుడ్, మధ్యలో గ్యాస్ స్టవ్. వెనక బాత్‌రూంలో మోకాళ్లు వంగని అత్తమ్మ. నిప్పంటుకుంటే ఎటు నుంచి దించాలి? పరీక్ష పెట్టేవాళ్లు అడిగేదీ ఇదే. ఇక ప్రమాదం జరిగాక బీమా కంపెనీ మొదట చూసేది ఆర్‌సీనే. అందులో లేని బండికి పరిహారం ఇమ్మంటే పేచీ తప్పదు.

చెరువు గట్టున తీర్పు

సాయంత్రం శామీర్‌పేట చెరువు గట్టు మీద ఆగాం. ఆదివారం కదా, జనం బాగానే ఉన్నారు. కారు డిక్కీ ఎత్తి ఓ కుటుంబం పులిహోర డబ్బాలు తీస్తోంది. వెనక సీటు మడిచి, పరుపు వేసి పిల్లాణ్ని పడుకోబెట్టారు. ఒక్క బోల్టు విప్పలేదు, ఒక్క వెల్డింగ్ పడలేదు. బావ వాళ్లనే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత షెడ్డుకు ఫోన్ చేసి అడ్వాన్స్ ఇవ్వడం లేదని చెప్పేశాడు.

ఇంటికొచ్చాక కొత్త లెక్క తయారైంది. ఉన్న కారే. మడతపెట్టే కమోడ్ కుర్చీ ఒకటి, నిటారుగా నిలబడే చిన్న గుడారం ఒకటి. రాజీవ్ రహదారి మీద సిద్దిపేట దాకా వెళ్లి, అక్కణ్నుంచి సిరిసిల్ల మీదుగా వేములవాడ. గంటకోసారి చెట్టు నీడ చూసి ఆగడం. అంతే! బావ ఇవన్నీ మంచం మీద పరిచి చూపిస్తుంటే అత్తమ్మ గుడారం గుడ్డను వేళ్లతో నలిపి చూసింది.

‘‘గింత దానికి బస్సు కొంటవారా?’’ అంది. ఆపైన, ‘‘ఎప్పుడు పోదాం మరి?’’

అడ్వాన్స్ ఇచ్చే ముందు..

* ఆర్‌సీలో బాడీ రకం, సీట్ల సంఖ్య చదవండి. మీరు చేయించబోయే మార్పు వాటిని తాకుతుంటే ముందు రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లండి.

* సిద్ధంగా ఉన్న క్యాంపర్ కొంటున్నా, అద్దెకు తీసుకుంటున్నా ఆర్‌సీలో అది క్యాంపర్‌గానే ఉందో లేదో చూడండి.

* అప్పు మీద ఉన్న బండి అయితే ఫైనాన్స్ సంస్థ రాతపూర్వక అంగీకారం కూడా అవసరం.

* కారు లైసెన్సుతో మొత్తం బరువు 7,500 కిలోలు దాటని బండి నడపొచ్చు. రవాణా వాహనమైనా సరేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

* ఇంట్లో వాడే గ్యాస్ సిలిండరును బండిలో పెట్టుకోవద్దు. వంట ఎప్పుడూ బండి దిగాకే.

* అద్దాలు మూసి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీలో నిద్రపోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.