ఏ గడ్డకు పోదాం బావగారూ?

డిసెంబరులో రాష్ట్రంలో ఎక్కడ చలి ఎక్కువని టీవీ వాళ్ళు చెప్పేటప్పుడు కోహీర్ పేరు తరచుగా వింటుంటారు కదా! ఆ కోహీర్ మా జహీరాబాద్‌కు పక్కనే. అందుకే పొద్దుగూకితే మా వాకిట్లో చలిమంట పడాల్సిందే. పోయినేడు ఆ మంట దగ్గరే కోనసీమ నుంచి వచ్చిన మా వియ్యంకుడుగారు కండువా తలకు చుట్టుకుంటూ అడిగారు:

“బావగారూ, ఉండేది రెండ్రోజులే. చుట్టుపక్కల నీళ్ళున్న చోటేదన్నా ఉంటే చూపించండి. లంకల్లో తిరిగిన వాళ్ళం, నీళ్ళు కనపడకపోతే తోచదండీ.”

“లంకలు మాకూ ఉన్నాయి బావగారూ. మేం గడ్డలంటాం” అన్నాను.

ఆయన నమ్మినట్టు లేదు. మీరూ నమ్మకపోవచ్చు. చెరకు, అల్లం, జొన్న పండే ఎర్రనేలల ఊరు మాది. సముద్రం ఎక్కడో, మేమెక్కడో. కానీ మంజీర ఉంది. మహారాష్ట్రలో బీడ్ జిల్లా కొండల్లో పుట్టి, బీదర్ వైపు నుంచి మా జిల్లాలోకి వచ్చి, సంగారెడ్డి దాటాక ఉత్తరానికి మళ్ళి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. అంటే మా గడ్డలను తాకిన నీళ్ళే చివరికి వాళ్ళ లంకల దాకా పోతాయి. ఈ మాట చెప్పగానే బావగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

ఒక్కరోజులో పోయి రాగలిగినవి మాకు రెండున్నాయి. ఒకటి కల్పగూరు దగ్గరి మంజీర అభయారణ్యం. రెండోది ఏడుపాయల. నాగార్జునకొండ గొప్ప దీవే. సాగర్ నీళ్ళలో మునిగిపోయే లోయ నుంచి తవ్వి తీసిన బౌద్ధశిల్పాలు చాలావరకు దాని మీదే ఉన్నాయి. కానీ మా ఊరి నుంచి ఒక్కరోజు పని కాదది. హుస్సేన్‌సాగర్ మధ్య బుద్ధుడున్న బండ కూడా దీవే. అది హైదరాబాద్‌లో రైలెక్కే ముందు చూసుకోవచ్చు.

ఏడుపాయల సంగతి ముందు చెప్తాను. మెదక్ జిల్లా నాగ్సాన్‌పల్లి దగ్గర మంజీర బండల మధ్య ఏడు పాయలుగా చీలి, మళ్ళీ ఒక్కటవుతుంది. ఆ పాయల నడుమ రాతిగుహలో వనదుర్గామాత. జనమేజయుడు సర్పయాగం చేసింది ఇక్కడేనని స్థలపురాణం. ఏడు పాయలకు ఏడుగురు ఋషుల పేర్లు. పైన ఘనపురం ఆనకట్ట ఉంది, 1905లో నిజాం కాలంలో కట్టింది. అక్కడికి పోతే దీవిని చూసి రావడం కాదు, దీవిలో ఉండి రావడం. మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకుంటారు. ఒక పక్క బోనం కుండకు పసుపు రాస్తుంటే ఇంకో పక్క పిల్లలు మోకాలిలోతు నీళ్ళలో ఆడుతుంటారు. తడిబండ మీద కుంకుమ, కట్టెల పొగ, మసాలా వాసన. సద్ది విప్పుకుని చెట్టు కింద కూచుంటే సాయంత్రం దాకా లేవబుద్ధి కాదు.

అయితే వానల్లో అటు పోయే ముందు సింగూరు కబురు కనుక్కోవాలి. సింగూరు దాదాపు 30 టీఎంసీల జలాశయం, 17 గేట్లు. వాటిని ఎత్తితే ఘనపురం పొంగుతుంది, గుడి ముందరి పాయ ఉరుకుతుంది, అమ్మవారి పాదాల దాకా నీళ్ళొస్తాయి. అప్పుడు గుడి మూసి, ఉత్సవమూర్తిని రాజగోపురం దగ్గర పెట్టి పూజలు చేస్తారు. వరద చూద్దామని పిల్లల్ని తీసుకుని పోయేవాళ్ళను చూస్తే నాకు గుండె జారుతుంది. ఆ బండలు నున్నగా ఉంటాయి, పాచి పడితే కాలు ఆగదు. దయచేసి పోవద్దు. శివరాత్రి జాతరకు లక్షల మంది వస్తారు. జాతర కోసమే పోతే సరే, ప్రశాంతత కావాలంటే మాత్రం ఆ రోజులు కాదు.

ఇక అభయారణ్యం. సింగూరుకూ మంజీర బ్యారేజీకీ మధ్య నదిలో చిన్నచిన్న గడ్డలు తొమ్మిది. పుట్టిగడ్డ, కరణంగడ్డ, బాపనగడ్డ... పేర్లు వినండి, ఊరి మనుషుల్ని పిలిచినట్టు లేదూ! 1978లో దీన్ని అభయారణ్యం చేశారు, 20 చదరపు కిలోమీటర్లు. జంటనగరాల వాళ్ళు తాగే మంజీర నీళ్ళు ఇవే. ఇక్కడ మనం గడ్డ మీద కాలు పెట్టేది లేదు. అది మొసళ్ళదీ పిట్టలదీ. గట్టు మీద నిలబడి, ఓపిగ్గా చూడాలి.

చలికాలం ఇందుకే మేలు. హిమాలయాల మీదుగా ఎగిరొచ్చే బాతులున్నాయి, తెల్లటి తల మీద రెండు నల్లచారలు. అవి దిగేది ఈ నెలల్లోనే. ఎండాకాలం నీళ్ళు తగ్గితే కొన్ని గడ్డలు ఒడ్డుతో కలిసిపోతాయి, అప్పుడు దీవి అన్న మాటే ఉండదు.

“రెండూ ఒకే రోజు కుదరవా?” అన్నారు వియ్యపురాలు. ఆమెకు అమ్మవారి దర్శనం మీద మనసు. కుదరదమ్మా అన్నాను. కారులో కుదురుతుంది, మనసుకు కుదరదు. పిట్టల దగ్గర గంట నిలబడితే గానీ కన్ను అలవాటు పడదు. ఏడుపాయల్లో వండుకుని తినకపోతే పోయినట్టే కాదు.

మరునాడు చీకటితోనే అభయారణ్యానికి బయల్దేరాం. జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం, దారిలో కొన్న కోహీర్ జామపండ్లు. గట్టు మీద ఎండ పడేసరికి ఎదురుగా గడ్డ అంచున బురదలో ఒక దుంగ. బావగారు దాన్ని దుంగనే అనుకున్నారు. కాసేపటికి ఆ దుంగ నోరు తెరిచింది. అలా తెరుచుకుని కదలకుండా పడుకుంది, ఒంటి వేడి తగ్గించుకోవడానికట. దాని వెనకే తుమ్మచెట్టు మీద ఎర్రకాళ్ళ కొంగ రెక్క విప్పి ఆరబెట్టుకుంటోంది. ఈ మొసలికి దాని మీద ధ్యాసే లేదు. అరగంట ఎవరం మాట్లాడలేదు. రొట్టె చేతిలోనే చల్లారింది.

“మా లంకకి రోజూ పడవలో పోతాం, గేదెల్ని తోలుకొస్తాం, అరటి కోసుకొస్తాం” అన్నారు బావగారు మెల్లగా. “ఒడ్డునే నిలబడి చూసి వదిలేసిన లంక ఇదే.”

వియ్యపురాలు మాత్రం కారెక్కుతూ నా వైపు తిరిగారు. “అమ్మవారి మొక్కు అలాగే ఉంది అన్నయ్యగారూ. మాఘంలో వస్తాం. సింగూరు గేట్ల సంగతి మీరే కనుక్కుని ఫోన్ చెయ్యాలి, మర్చిపోకండి.”