ఎత్తు మీద కాపురం

భూమధ్యరేఖకు విజయవాడ ఉత్తరాన ఎంత దూరంలో ఉందో, బొలీవియాలోని లాపాజ్ దక్షిణాన దాదాపు అంతే దూరంలో ఉంది. రెండూ పదహారున్నర డిగ్రీల అక్షాంశం మీదివే. ఆ లెక్క ఒక్కటే చూసుకుంటే లాపాజ్‌లో మామిడితోపులు ఉండాలి, వడగాడ్పులు వీచాలి. ఉన్నది వేరు. ఇక్కడ నట్టింట్లో కూడా ఊలు స్వెట్టరు తీయలేం. వంటింటి కిటికీ తెరిస్తే 6,438 మీటర్ల ఇల్లిమాని శిఖరం, దాని మీద ఏడాది పొడుగునా మంచు. ఈ తేడా అంతా ఎత్తు చేసిన పని. ఊరి నడిబొడ్డు సముద్రమట్టానికి 3,600 మీటర్ల పైన ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండ కూడా ఇందులో సగానికి రాదు.

మేం ఇక్కడ కాపురం పెట్టకముందు ఈ ఎత్తు గురించి చెప్పినవాళ్ళందరూ దాన్ని జబ్బుగానే చెప్పారు. తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం. దానికి సొరోచే అని పేరు, మందుల షాపుల్లో మాత్రలు. అవన్నీ నిజమే. అయితే ఇక్కడ బతుకుతున్నకొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఒకటుంది. ఎత్తును జబ్బుగా చూడడం కిందినుంచి వచ్చేవాళ్ళ చూపు. ఇక్కడే పుట్టి ఇక్కడి మట్టిలోనే కలిసే ఐమారా ప్రజలకు ఎత్తు ఒక పనిముట్టు. తిండి దాచుకోవడానికి దాన్నే వాడుకున్నారు, అవసరం పడినప్పుడు రాజ్యాన్ని నిలదీయడానికీ దాన్నే వాడుకున్నారు.

ఇక్కడి గాలిలో ఆక్సిజన్ శాతం తక్కువని చాలామంది అనుకుంటారు. శాతం విజయవాడలో ఎంతో ఇక్కడా అంతే, నూటికి ఇరవయ్యొకటి. పలచబడింది గాలే. పీడనం సముద్రతీరంలో ఉండేదానిలో సుమారు మూడింట రెండొంతులకు పడిపోతుంది, అందువల్ల ఒక్కో ఊపిరికి అందేది తగ్గుతుంది. విమానం రెక్కలకూ అదే ఇబ్బంది. పైన ఎల్ ఆల్తో నగరంలో 4,061 మీటర్ల మీదున్న విమానాశ్రయానికి నాలుగు కిలోమీటర్ల రన్‌వే వేయాల్సి వచ్చింది అందుకే. కొత్తగా వచ్చినవాళ్ళ ఒళ్ళు ముందు ఊపిరి వేగం పెంచుకుంటుంది, ఆ తర్వాత వారాల తరబడి ఎర్రకణాలు తయారుచేసుకుంటుంది. ఐమారా వాళ్ళకు రక్తంలో హిమోగ్లోబిన్ ఎక్కువ, ఛాతీ విశాలం. తరతరాలుగా ఒంట్లో ఇంకిన సామర్థ్యం అది. ముసలమ్మలు రంగుల చారల గుడ్డలో బంగాళదుంపల మూట వీపుకు కట్టుకుని మెట్ల వీధులు ఎక్కిపోతుంటారు. ఆ పక్కనే కండలు తిరిగిన విదేశీ కుర్రాళ్ళు గోడకు ఆనుకుని ఆగిపోతారు.

మెల్లగా నడువు, కొంచెమే తిను, ఒంటరిగా పడుకో. కొత్తవాళ్ళకు లాపాజ్ వాళ్ళు చెప్పే మాట ఇది. మా ఇంటి యజమానురాలు తాళంచెవి చేతికిస్తూ ఇదే చెప్పింది. మూడోదానికి కాస్త నవ్వింది గానీ, రెండోది మాత్రం గట్టిగా చెప్పింది. ఈ ఎత్తులో అరుగుదల మందగిస్తుంది, రాత్రిపూట సూపుతో సరిపెట్టుకోమ్మా అంది. ఊరంతా అలాగే తింటుంది. మధ్యాహ్నం భోజనమే పెద్ద భోజనం. పొద్దున పదకొండు లోపల సాల్తేన్యా అనే పులుసు కూరిన కజ్జికాయ, చలి పొద్దుల్లో ఊదారంగు మొక్కజొన్నతో కాచిన వేడి ఆపీ. రాత్రికి కడుపు తేలిగ్గా ఉండాలి.

ఏ ఇంటికి వెళ్ళినా కోకా టీ ఇస్తారు. వేడినీళ్ళలో నాలుగు ఆకులు, అంతే. గనుల్లో, పొలాల్లో పనిచేసేవాళ్ళు ఆకును దవడన పెట్టుకుంటారు. అలసట, ఆకలి, తలదిమ్ము తగ్గుతాయి. ఈ ఆకును కొకైన్‌తో కలిపి నిషేధించిన 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందం నుంచి బొలీవియా బయటికి వచ్చేసింది. తమ దేశంలో కోకా నమలడానికి మినహాయింపు పెట్టుకుని 2013లో మళ్ళీ చేరింది. ఆ పట్టుదల నూటికి నూరుపాళ్ళు న్యాయమని నా నమ్మకం. వేల ఏళ్ళుగా ఒక జనం ఊపిరికి ఆసరాగా ఉన్న ఆకు మీద, ఆ కొండ ఒక్కసారి కూడా ఎక్కనివాళ్ళు తీర్పు చెప్పకూడదు.

ఇక ఎండ. పలచటి గాలిని దాటుకుని వచ్చే ఎండ చురుక్కుమంటుంది, చర్మం కమిలిపోతుంది. అదే వీధిలో నాలుగు అడుగులు పక్కకు వేసి నీడలోకి వెళ్తే వణుకు. ఇక్కడి మామూలు ఇళ్ళలో గది వేడిచేసే ఏర్పాటు ఏదీ ఉండదు. అందుకే ఇల్లు వెతికేటప్పుడు ఉత్తరపు కిటికీలున్నాయో లేదో చూసుకోమన్నారు. చలికాలపు సూర్యుడు ఇక్కడ ఉత్తరాన ఉంటాడు. మురీయో చౌకులో పార్లమెంటు భవనం మీద గడియారం ముళ్ళు 2014 నుంచి ఎడమవైపుకు తిరుగుతున్నాయి, అంకెలు కూడా అటునుంచి ఇటు రాసి ఉన్నాయి. దక్షిణార్ధగోళంలో ఎండగడియారం నీడ తిరిగేది అటే. గడియారాలు కనిపెట్టినవాళ్ళు ఉత్తరాన ఉన్నారు కాబట్టి ప్రపంచమంతా వాళ్ళ నీడనే అనుసరించింది. టూరిస్టులకు దాన్ని వింతగా చూపిస్తారు. నాకు మాత్రం ఆ గడియారం చూసినప్పుడల్లా గౌరవం కలుగుతుంది.

వంటింట్లో ఎత్తు ఇంకోరకంగా తెలుస్తుంది. నీళ్ళు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతాయి. తెర్లుతున్నట్టు కళ్ళకు కనిపిస్తూనే ఉంటాయి, పప్పు మాత్రం గంటలు గడిచినా బద్ద బద్దగానే ఉంటుంది. కుక్కర్ లేనిదే లాపాజ్‌లో పప్పు లేదు. కుక్కర్ లోపల కూడా బయటి పీడనం తక్కువైనందువల్ల వేడి కొన్ని డిగ్రీలు తగ్గే ఉంటుంది. మన ఊళ్ళో మూడు కూతలకు మెత్తబడే పప్పుకు ఇక్కడ ఇంకా రెండు మూడు పడనివ్వాలి. టీ ఆకును నీళ్ళలో ఎక్కువసేపు ఉంచాలి.

కానీ ఈ వంటింటికి వచ్చాక నాకు పరాయితనం తగ్గింది. ఇక్కడ ప్రతి భోజనం బల్ల మీదా యాహ్వా ఉంటుంది. టమాటా, లొకోతో అనే నల్లగింజల లావుపాటి మిరపకాయ, కిల్కీన్యా ఆకు, ఉప్పు. బతాన్ అనే బల్లపరుపు రాయి మీద, అడుగు గుండ్రంగా ఉన్న పెద్ద రాయిని రెండు చేతులతో అటూ ఇటూ ఊపుతూ నూరుతారు. రోటి పచ్చడి తిని పెరిగిన నాలుకకు దీన్ని ఎవరూ పరిచయం చేయక్కర్లేదు. మిక్సీలో వేస్తే ఆ రుచి రాదని ఇక్కడి ఆడవాళ్ళు నాతో చెప్పినప్పుడు, మా అమ్మ మాట ఇంకో భాషలో విన్నాను.

ఆ దగ్గరితనానికి కారణం ఉంది. మిరప జాతి పుట్టిల్లు బొలీవియా పరిసరాలేనని వృక్షశాస్త్రవేత్తలు భావిస్తారు. వేరుశనగ పుట్టింది దక్షిణ బొలీవియా, ఉత్తర అర్జెంటీనాలు కలిసే ప్రాంతంలో. బంగాళదుంపను మనిషి మచ్చిక చేసుకున్నది టిటికాకా సరస్సు చుట్టుపక్కల. టమాటా కూడా ఆండీస్ సంతతే. పోర్చుగీసు ఓడలు రాకముందు మన కూరల్లో కారం మిరియాలదే. గుంటూరు మిర్చి యార్డులోని ఎర్రటి బస్తాలు, అనంతపురం చేలలోని వేరుశనగ, రెండింటి వంశవృక్షాల వేళ్ళూ ఈ ఖండంలోనే ఉన్నాయి. ఇక్కడివాళ్ళు పచ్చి వేరుశనగ పప్పు నూరి, బంగాళదుంపలు వేసి, తెల్లటి చిక్కటి సూపు కాస్తారు. సోపా దె మానీ అంటారు. రాయలసీమ వాళ్ళెవరైనా వస్తే ముందు దీన్నే పెడతాను.

సంతలో అమ్మేది ఎక్కువగా ఆడవాళ్ళే. కుచ్చుల లంగా, రెండు జడలు, నెత్తిన గుండ్రటి టోపీ. అమ్మేవాళ్ళు కొనేవాళ్ళను కసెరా లేదా కసెరితా అంటారు, కొనేవాళ్ళు కూడా వాళ్ళను అలాగే పిలుస్తారు. ఒకసారి ఒకరి దగ్గర కొనడం మొదలుపెడితే ఇక వేరే కొట్టుకు పోకూడదు, అదొక బంధుత్వం. బేరం అయ్యాక కొసరు వేయమని అడగాలి. యాపా అంటారు దాన్ని. అడక్కుండా వెళ్ళిపోతే నా కసెరా తనే పిలిచి ఇంకో రెండు దుంపలు సంచిలో వేస్తుంది.

దుంపల గుట్టల మధ్య ఒకచోట నల్లగా, గులకరాళ్ళంత గట్టిగా ఎండినవి కనిపిస్తాయి. చూన్యో. ఈ ఊరి గురించి ఒక్క విషయమే చెప్పమంటే నేను దీని గురించే చెబుతాను. జూన్, జూలై నెలల్లో ఊరి పైనున్న పీఠభూమి మీద రాత్రి గడ్డకట్టే చలి, పగలు భగ్గుమనే ఎండ, చెమ్మలేని గాలి. ఆ రోజుల్లో చిన్న దుంపల్ని నేలమీద పరుస్తారు. రాత్రికి గడ్డకడతాయి, పగలు కరుగుతాయి. కొన్ని రోజులు అలా అయ్యాక, ఇంటిల్లిపాదీ చెప్పులు విడిచి, కాళ్ళతో తొక్కి నీరు పిండి, ఎండబెడతారు. చేదు ఎక్కువై మామూలుగా తినలేని రకాలు కూడా ఈ పద్ధతిలో తిండి అవుతాయి. తెల్ల రకం కావాలంటే పారే నీటిలో వారాల తరబడి నానేసి మరీ ఎండబెడతారు, దాన్ని తుంతా అంటారు. ఒకసారి తయారైతే ఏళ్ళ తరబడి పాడవదు, బరువు తేలిక, లామా వీపున వేసి ఎంత దూరమైనా మోయించవచ్చు. పంట పోయిన ఏడాది ప్రాణాలు నిలిపింది ఇదే. ఇంకాల గిడ్డంగుల్లో నిలవ ఉన్నదీ ఇదే. స్పెయిన్‌ను సంపన్నం చేసిన పొతోసీ వెండిని తవ్విన కూలీలు తిన్నదీ ఇదే. ఉష్ణమండలంలో ఉంటూనే ప్రతి రాత్రీ గడ్డకట్టి ప్రతి పగలూ కరిగే చోటు ఇంత ఎత్తున తప్ప దొరకదు. ఫ్రిజ్ అనే ఊహ కూడా లేని కాలంలో, తమను వణికించే చలినే నమ్ముకుని ఆ పేరులేని రైతులు కనిపెట్టిన విద్య ఇది. తింటే కాస్త మట్టి వాసన, పళ్ళ కింద స్పంజిలా సాగుతుంది. నాకు చాలా ఇష్టం, జున్నూ గుడ్డూ వేసి వేయించినది మరీను.

ఎత్తుకు ఇంకో ముఖం ఉంది. లోకంలో చాలా ఊళ్ళలో డబ్బున్నవాళ్ళు కొండ మీద ఉంటారు. ఇక్కడ కింద ఉంటారు. లోయ అడుగున దక్షిణ ప్రాంతంలో వెచ్చదనం, చెట్లు, తోటలున్న ఇళ్ళు. పైకి వెళ్ళేకొద్దీ గాలీ డబ్బూ రెండూ పలచన. లోయ అంచు మీద, 4,100 మీటర్ల ఎత్తున ఎల్ ఆల్తో. పల్లెలనుంచి వలస వచ్చిన ఐమారా కుటుంబాలు కట్టుకున్న ఆ బస్తీ 1980ల్లో వేరే నగరంగా గుర్తింపు పొందింది. కింది ఊరికి వచ్చే ముఖ్యమైన దారులు దాని చేతుల్లో ఉంటాయి. 1781లో స్పెయిన్ పాలన మీద తిరగబడిన తుపాక్ కతారి, అతని భార్య బర్తోలీనా సీసా ఐమారా సేనలతో ఈ అంచునుంచే లాపాజ్‌ను నెలల తరబడి ముట్టడించారు. ఆ నవంబరులో స్పెయిన్ వాళ్ళు కతారిని నాలుగు గుర్రాలకు కట్టి చీల్చి చంపారు. 2003 అక్టోబరులో దేశపు సహజవాయువు అమ్మకం మీద తిరుగుబాటు వచ్చినప్పుడు ఎల్ ఆల్తో జనం మళ్ళీ అవే దారులు మూశారు. డజన్ల మంది తూటాలకు బలయ్యాక అధ్యక్షుడు సాంచెజ్ దె లొసాదా రాజీనామా చేసి దేశం విడిచిపోయాడు.

1952 విప్లవానికి ముందు, గడియారం ఉన్న ఆ మురీయో చౌకులో ఆదివాసులను నడవనిచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు అక్కడ కుచ్చుల లంగాల అవ్వలు మనవలతో కలిసి పావురాలకు గింజలు వేస్తుంటారు. 2009 రాజ్యాంగం 36 ఆదివాసీ భాషలకు స్పానిష్‌తో పాటు అధికార హోదా ఇచ్చింది. ఇదంతా ఒక్క తరం గుర్తుపెట్టుకోగలిగినంత దగ్గరి చరిత్ర.

2014 మే నెలాఖరున తెలెఫెరికో ఎర్ర లైను మొదలైంది. ఊరి పాత రైల్వేస్టేషన్ నుంచి ఎల్ ఆల్తోకు తీగల మీద వెళ్ళే బళ్ళు. మినీబస్సులో మలుపులన్నీ తిరిగి వెళ్తే గంట పట్టేది, ఇందులో పది నిమిషాలు. మొదట్లో టిక్కెట్టు మూడు బొలీవియానోలు. 2019 నాటికి పది లైన్లు, ముప్ఫై కిలోమీటర్లు. చాలాచోట్ల ఇలాంటివి కొండ మీది గుడికో మంచు ఆటలకో ఉంటాయి. ఇక్కడ ఆఫీసులకు, బడులకు, కూరగాయల మూటలతో సంతకు వెళ్తారు. ఎక్కినవాళ్ళు లోపల ఉన్నవాళ్ళందరికీ నమస్కారం చెబుతారు. బ్యాంకు ఉద్యోగి ఎదురుగా చూన్యో మూటతో ఐమారా తల్లి మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంటుంది. కింద శ్మశానం, డాబాల మీద ఆరేసిన బట్టలు, ఇటుక గోడలు. నాకు ఈ ఊళ్ళో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఆ బండి లోపలే.

నాకు నిజంగా భయం వేసే విషయం నీళ్ళు. ఊరికి దగ్గర్లోని చకల్తాయా కొండ మీద, 5,300 మీటర్ల ఎత్తున, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా ఎత్తైన స్కీ మైదానం ఉండేది. ఆ హిమానీనదం 2009 నాటికి పూర్తిగా కరిగిపోయింది. 2016 నవంబరులో కరువు వచ్చి జలాశయాలు అడుగంటితే లాపాజ్‌లో చాలా పేటలకు కుళాయిలు కట్టేశారు, జనం ట్యాంకర్ల ముందు బారులు తీరారు. ఈ ఊరి నీటిలో కొంత వంతు మంచునుంచే వస్తుంది, వానలు లేని నెలల్లో ఆ వంతు పెరుగుతుంది. చలిని తిండిగా మార్చుకోవడం తెలిసిన ఈ జనం ఆ మంచును కరిగించిన పొగలో వదిలింది చాలా కొద్ది. ఇల్లిమాని మంచు గీత కూడా పైకి జరుగుతోందని మా కసెరా అంటుంది. తన చిన్నప్పుడు అది ఎక్కడిదాకా ఉండేదో చేత్తో చూపిస్తుంది.

ఇటు వచ్చే తెలుగువాళ్ళు మే నెలనుంచి ఆగస్టు లోపల రండి, ఆకాశం నిర్మలంగా ఉంటుంది. మొదటి రెండు రాత్రులు లోయ కింద ఉండండి. ఊపిరి కుదుటపడ్డాక, గురువారమో ఆదివారమో ఎర్ర లైను ఎక్కి ఎల్ ఆల్తోలో ‘జూలై 16’ అనే పేరున్న సంతకు వెళ్ళండి. కారు ఇంజన్లనుంచి పాత చొక్కాల దాకా అక్కడ దొరకనిది లేదు. ఫ్రెడ్డీ మమానీ అనే వాస్తుశిల్పి కట్టిన ఆకుపచ్చ, నారింజ రంగుల మేడలు చుట్టుపక్కలే ఉంటాయి, లోపలి పెళ్ళి హాళ్ళు తప్పక చూడండి. పొద్దున్నే బయల్దేరండి, మధ్యాహ్నానికి పైన గాలి లేస్తుంది. చూన్యో అమ్మే అవ్వ కనిపిస్తే కొనండి, కొసరు అడగండి.