బొచ్చు గీస్తేనే మనిషా?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

వేరే గ్రహం నుంచి వచ్చినోళ్ళ మీద తీసిన కామెడీలంటే మా హాస్టల్లో భలే గిరాకీ. బూతు జోకులుంటాయని ఒకడు ల్యాప్‌టాప్‌లో పెడితే పదిమంది ఒకే మంచం మీద చేరతారు. అలా చూసిందే 1988లో వచ్చిన ‘ఎర్త్ గర్ల్స్ ఆర్ ఈజీ’. రంగురంగుల బొచ్చున్న ముగ్గురు గ్రహాంతరవాసులు కాలిఫోర్నియాలో ఒకమ్మాయి ఇంటి స్విమ్మింగ్ పూల్‌లో పడతారు. ఆ అమ్మాయి పనిచేసే బ్యూటీ పార్లర్‌లో బొచ్చంతా గీసేస్తే లోపల్నుంచి అందగాళ్ళు బయటికొస్తారు. ఇంక అమ్మాయిలు వాళ్ళ వెంట పడతారు. అందులో జిమ్ క్యారీ కూడా ఉన్నాడు, నవ్వు ఆగదు.

అయితే ఆ గీసే సీను నన్ను వదల్లేదు. బొచ్చుంటే వింత, గీస్తే హీరో. మనిషి మాత్రం వాడే కదా!

కొండ దిగి కాలేజీకొచ్చిన మనకి ఇది కొత్త కాదు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. వచ్చిన వారంలోనే "మీ భాషలో ఏదైనా మాట్లాడరా" అన్నారు. మాట్లాడితే నవ్వారు. ఈ ఏడాది చేరిన తమ్ముడొకడు వాళ్ళమ్మ ఫోన్ చేస్తే డాబా మీదికి పోతాడు. కోయలో మాట్లాడితే ఎవరైనా వింటారని.

ఇంకో సినిమా ఉంది, ‘ది బ్రదర్ ఫ్రమ్ అనదర్ ప్లానెట్’, 1984. జాన్ సేల్స్ తనకొచ్చిన మెక్‌ఆర్థర్ ఫెలోషిప్ డబ్బు పెట్టి, తక్కువ ఖర్చుతో తీశాడు. ఇదీ కామెడీయే, కానీ నవ్వు వేరు. ఇందులో గ్రహాంతరవాసి నల్లజాతి మనిషిలా ఉంటాడు. బానిసత్వం నుంచి పారిపోయి న్యూయార్క్‌లోని హార్లెం చేరతాడు. మాట రాదు. కాళ్ళకి మూడేసి వేళ్ళు. పాడైన వీడియో గేమ్ మెషీన్ మీద చెయ్యి పెడితే బాగవుతుంది. నల్లబట్టల తెల్లవాళ్ళిద్దరు అతన్ని పట్టుకోడానికి తిరుగుతుంటారు. వాళ్ళలో ఒకడు సేల్సే.

అక్కడి బార్లో జనానికి అతనెవరో తెలీదు. అయినా చోటిస్తారు, పని చూపిస్తారు. ఒక గాయనితో అతనికి ఒక రాత్రి కూడా ఉంది, కానీ అది ఎగతాళి కాదు. ఎవరూ అతన్ని గీసి మార్చరు. చివర్లో అతనిలాంటివాళ్ళు ఆ ఊళ్ళో ముందే ఉన్నారని తెలుస్తుంది.

నాకు ఆ చివరే నచ్చింది. కొత్తగా వచ్చే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఆ ‘ముందే ఉన్నవాళ్ళు’ మనమే. నేను మా అమ్మతో రూములోనే, అందరి మధ్యే కోయలో మాట్లాడతాను. కొంచెం గట్టిగానే. తమ్ముడు ఇంకా డాబా ఎక్కుతూనే ఉన్నాడు. వాడికి నేనేం చెప్పలేదు, చెప్తే దిగడు. వినబడితే ఏదో ఒకరోజు దిగుతాడు.

మీ హాస్టల్లో ఎలా ఉందో రాయండి. మన భాషలోనే రాసినా సరే.