కడుపునొప్పి రాలేదు

నాకు కడుపునొప్పి రాలేదు. మంట లేదు, వాంతి లేదు. మోకాళ్ళ బిళ్ళలు మింగే మా ఈడు ఆడవాళ్ళంతా, పడకపోతే కడుపులో తెలుస్తుందిలే అంటారు. అందుకే ముందుగా ఈ మాట చెబుతున్నాను.

మాది తెనాలి. కుట్టుమిషను తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరిగాయి. నొప్పి మరీ ఎక్కువైన రోజు వీధిచివర ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకునేదాన్ని. మిగతా రోజుల్లో మందుల షాపులో బిళ్ళలు. షాపతను స్ట్రిప్పుని కత్తెరతో కత్తిరించి చిన్న కవర్లో వేసిచ్చేవాడు. మందు పేరున్న ముక్క ఎవరికి వెళ్ళేదో గానీ నాకెప్పుడూ రాలేదు. స్టెంటు వేసినప్పటినుంచీ నాకు రోజూ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఉంది. బీపీకి టెల్మిసార్టాన్ ఉంది. ఆర్ఎంపీ గానీ, షాపతను గానీ ఆ సంగతి అడగలేదు. అన్నం తిన్నాక వేసుకోమన్నారు. తిన్నాకే వేసుకున్నాను.

సంక్రాంతికి జాకెట్లు ఎక్కువ వచ్చాయి. బిళ్ళలూ ఎక్కువయ్యాయి.

పండగ వెళ్ళాక శుక్రవారం విరేచనం నల్లగా, తారులా అంటుకుంటూ అయింది. వాసన కూడా ఎప్పుడూ లేనిది. కొడుకుతో చెప్పడానికి సిగ్గేసింది. శనివారం నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆదివారం తెల్లవారుజామున బాత్రూములో కళ్ళు తిరిగి పడిపోయాను. చీరంతా పాడైంది. కోడలు వచ్చి నన్ను కడిగి, వేరే చీర చుట్టింది. "అత్తయ్యా, సిగ్గుపడకండి, ఏ రంగులో అయింది?" అని అడిగింది. తను అడక్కపోతే నేను చెప్పేదాన్ని కాదు. గుండెపోటే మళ్ళీ వచ్చిందని అందరం అనుకునేవాళ్ళం.

పక్కింటి ఆటో అబ్బాయి నిద్రలోంచి లేచి గుంటూరు దాకా తీసుకెళ్ళాడు. హిమోగ్లోబిన్ 6.2. నాది బి నెగెటివ్. మావాడి స్నేహితుడి తమ్ముడు, డిగ్రీ చదివే పిల్లాడు, వచ్చి రక్తం ఇచ్చాడు. ఆ రాత్రి నర్సమ్మని ఎన్నిసార్లు "బతుకుతానా" అని అడిగానో! ఒక్కసారి కూడా విసుక్కోలేదు ఆవిడ.

సోమవారం ఎండోస్కోపీ. గొట్టం గొంతులో దిగుతుంటే భయంతో చేత్తో లాగేయబోయాను. ఇద్దరు పట్టుకున్నారు. కడుపులో పుండు, అందులోంచి నెత్తురు ఊరుతోంది. సూదిమందు ఇచ్చి, చిన్న క్లిప్పు బిగించారు. పుండు చేసే బాక్టీరియా ఉందేమోనని ముక్క తీసి చూస్తే, లేదని వచ్చింది.

ఇంట్లో ఉన్న మందులన్నీ డాక్టరుగారు తెప్పించి మంచం మీద పరిచారు. ఆర్ఎంపీనీ, షాపతన్నీ అడిగిస్తే, సూది డైక్లోఫెనాక్, బిళ్ళ అసిక్లోఫెనాక్ అని తేలింది. పేర్లు వేరైనా జాతి ఒకటే. మోకాలికి వాపూ నొప్పీ తెచ్చే పదార్థాలను ఈ మందులు ఆపుతాయి. కడుపు లోపలి పొరను కాపాడేదీ, మూత్రపిండాలకు నెత్తురు సరిగా అందేలా చూసేదీ ఆ జాతి పదార్థాలేనట. మందు నెత్తురులో కలిశాక చేసే పని గనక, సూది వేయించుకున్నా కడుపుకి తప్పదు. అన్నం తిని వేసుకున్నా పుండు రాదన్న హామీ లేదు. ఆస్పిరిన్ తోడైతే నెత్తురు పోయే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. "మరి నొప్పి తెలియలేదేమండీ?" అన్నాను. "నొప్పి తెలియకుండా చేసే మందే కదమ్మా" అన్నారు.

మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ కూడా 2.1కి చేరింది. నెత్తురు పోవడం ఒకటి, బీపీ మందు మీద ఈ బిళ్ళలు పడటం ఒకటి. తర్వాత మెల్లగా దిగింది. ఆస్పిరిన్ కొన్నాళ్ళు ఆపి, స్టెంటు ఉంది గనక గుండె డాక్టరుగారే మళ్ళీ మొదలుపెట్టారు. దానికి తోడు పొద్దున్నే పరగడుపున, కడుపులో యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్.

ఇంటికొచ్చాక రక్తం పట్టడానికి ఐరన్ బిళ్ళలు ఇచ్చారు. వాటితో విరేచనం మళ్ళీ నల్లబడింది. కాళ్ళు వణికాయి, కోడల్ని కేకేశాను. ఐరన్‌కి నలుపు మామూలేననీ, జిగురూ ఆ వాసనా లేకపోతే భయం లేదనీ డాక్టరుగారు ఫోన్లో చెప్పారు. అయినా రోజూ తొంగి చూస్తూనే ఉన్నాను.

మోకాళ్ళ నొప్పి పోలేదు. పారాసిటమాల్ వేసుకుంటాను, కాలు చాపి తొడ బిగించే వ్యాయామం చేస్తాను. మావాడు మిషనుకి మోటారు పెట్టించాడు. మందుల షాపులో పేరు కనబడేలా స్ట్రిప్పు మొత్తం ఇస్తేనే తీసుకుంటున్నాను.

మొన్న పక్కవీధి వదినగారు తనూ మోకాళ్ళకు బిళ్ళలు మొదలుపెట్టానంది. గుండెకి ఏమైనా వాడుతున్నావా, బీపీ ఉందా, విరేచనం ఏ రంగులో అవుతోంది అని అడిగాను. చివరి ప్రశ్నకి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మళ్ళీ అడిగాను.