ప్రియమైన కత్తియు, విలువగల కత్తియు

నాయొద్ద రెండు మంగలికత్తులు గలవు. మొదటిది జర్మనీ దేశమందలి సోలింగెన్ పట్టణమున జేయబడి, యెన్నడును వాడబడక పెట్టెయందే యున్నది. 1938 వ సంవత్సరపు శాసనము మొదలుకొని యా ప్రాంతమున జేయబడిన కత్తులకే యా పేరు చెల్లును గావున, పాతవస్తువులను సేకరించువారు దానికి మంచి వెల యిత్తురు. రెండవది యింగ్లండు దేశపు షెఫీల్డుది. 1740-50 నడుమ బెంజమిన్ హంట్స్‌మన్ మూసలో నుక్కు కరగించు విధమును గనిపెట్టినది మొదలు ఆ యూరి యుక్కునకు బ్రఖ్యాతి హెచ్చెను. నేను ప్రతిదినమును వాడునది యిదియే.

ప్రియమైనదే మిగుల విలువగలదియు నగునా? కాదని నా యనుభవము. ఇట్టి కత్తిని నూరునపుడు వాదరతోపాటు వెన్నునుగూడ రాతిపై నానించి నడపవలెను. అందుచే రెండును కొంచెము కొంచెముగా నరుగును. పిమ్మట తోలుపట్టీపై వెన్ను ముందునకు నడచునట్లు లాగవలెను. వాదర ముందైనచో తోలు తెగును. ఇరువది యేండ్లిట్లు చేయగా దాని బరువును, తూకమును నా చేతికి దెలిసినవి; అలుగు మాత్రము సన్నగిల్లినది. నాకు బ్రియమగుటకు గారణమైన వాడుకయే దాని వెలను దగ్గించినది.

"నాన్నగారూ, వీనిలో నాకేది యిత్తురు?" అని మా కుమారు డడిగెను. "మొదటిదాని నమ్మి నీ కాలేజీ జీతము గట్టుదును; రెండవదానిని నూరుట నీకు నేర్పుదును" అంటిని. వెల యితరుల కోరికచే నేర్పడును. ప్రీతి మన పరిశ్రమచే నేర్పడును. బాలురారా, దేని నమ్మవచ్చునో, దేని నుంచుకొనవలెనో నిర్ణయించునపుడు ఈ రెంటిని ఒకటిగా నెంచకుడు.