‘కట్’ అన్నాక దొరికేది

అమలాపురంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే గది అది. గోడ పొడుగునా అరల్లో హార్డ్ డిస్కులు పేర్చి ఉన్నాయి. ఒక్కోదానికీ తెల్ల ప్లాస్టర్ ముక్క, దాని మీద పెళ్లికూతురి పేరు, ఊరు: ముమ్మిడివరం, అంబాజీపేట, మలికిపురం. ముహూర్తాలు నడిచినన్నాళ్లూ ఎడిటర్ గారికి ఊపిరాడదు. అవి లేని రోజుల్లో ఊళ్లలో కుర్రాళ్లు సెల్‌ఫోన్లతో తీసుకొచ్చే షార్ట్ ఫిల్ములు చేసిపెడతారు. ఆ పని చూద్దామనే వెళ్లాను.

“ఆయ్, రండి రండి” అంటూ కుర్చీ లాగారు. యాభై దాటిన మనిషి. వీహెచ్ఎస్ రోజుల్లో రెండు వీసీఆర్‌లు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో ప్లే, ఇంకోదాంట్లో రికార్డు నొక్కుతూ పని నేర్చుకున్నారట. నడుమ ఒక్క షాట్ నిడివి మారిస్తే అక్కణ్నుంచి చివరిదాకా మళ్లీ ఎక్కించుకోవాల్సిందే. ఇప్పుడు పెళ్లిళ్లకి ఎడియస్, కుర్రాళ్ల సినిమాలకి డావిన్చీ రిజాల్వ్. రెండోది ఎందుకంటే, ఉచితంగా దొరుకుతుంది కాబట్టి.

ఆవేళ చేతిలో ఉన్నది రాజోలు వైపు కుర్రాళ్లు తీసిన కథ. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన తండ్రి, చదువు మానేసిన కొడుకు, ఇద్దరికీ మాటల్లేవు. సినిమా పన్నెండు నిమిషాలు రావాలి. తెచ్చిన ఫుటేజి మూడు గంటల పైమాటే. 1965లో కొడాక్ వాళ్లు ఇళ్లలో సినిమాలు తీసుకునేవాళ్ల కోసం సూపర్ 8 తెచ్చినప్పుడు ఒక్కో కార్ట్రిడ్జిలో 50 అడుగుల ఫిల్మే ఉండేది. సెకనుకు 18 ఫ్రేముల చొప్పున తీస్తే 3 నిమిషాల 20 సెకన్లకి సరి. మీట నొక్కేముందే ఏది అక్కర్లేదో ఆలోచించుకోవాలి. ఫోనుకి ఆ భయం లేదు. ఆలోచన భారమంతా వచ్చి ఎడిటర్ నెత్తిన పడింది.

కథ జోలికి వెళ్లేలోపు తేల్చుకోవాల్సిన చిక్కులున్నాయి. ఒక ఫోన్ సెకనుకు 30 ఫ్రేములు తీసింది, ఇంకోటి 60. ఆ లెక్కలోనైనా ఫోన్లు నిలకడగా ఉండవు, వెలుతురు తగ్గితే ఫ్రేములూ తగ్గుతాయి. మాటలు వేరే మైకులో రికార్డు చేశారు గనక, మొదట్లో పెదాలకి అతికిన మాట నాలుగు నిమిషాలు పోయేసరికి జారిపోతుంది. అందుకని ముందు అన్ని క్లిప్పుల్నీ హ్యాండ్‌బ్రేక్‌లో వేసి ఒకే ఫ్రేమ్ రేటుకి మార్చుకుంటారు. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారికి అవుతుంది.

ధ్వని ఇంకా మొండిది. తండ్రీకొడుకుల సీను కాలవ గట్టు మీద తీశారు. దూరంగా ఆయిల్ ఇంజన్ ఆడుతోంది. ఒక షాట్‌లో గట్టిగా, ఇంకో షాట్‌లో మెల్లగా. కట్ పడ్డ చోటల్లా ఇంజన్ ఆగి మళ్లీ మొదలైనట్టు వినిపిస్తుంది. అడుగున ఒకే తీరు చప్పుడు పరిస్తే ఆ అతుకులు కనపడవు. కానీ ఎవరూ మాట్లాడని శబ్దం అర నిమిషమైనా కావాలి. “ఊరికే నిలబడి రికార్డు చేసి తెండ్రా అంటే నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూస్తారండీ” అన్నారాయన.

మరి ఆ అర నిమిషం ఎక్కడ దొరికింది? డైరెక్టర్ కుర్రాడు ‘కట్’ అన్నాక ఫోన్ ఆపడం మర్చిపోయిన చోట. ఆ క్లిప్పు నాకూ వేసి చూపించారు. తండ్రి వేషం కట్టినాయన ఎన్నడూ నటించినవాడు కాదు, డైలాగు అప్పజెప్పినట్టే చెప్పాడు. ‘కట్’ వినగానే భుజాలు దిగాయి. మీద తువ్వాలు తీసి మెడ తుడుచుకుని, కుడివైపు తలతిప్పి అలా చూస్తూ ఉండిపోయాడు. మూడు గంటల ఫుటేజిలో ఆ మొహం మొహంలా ఉన్నది ఆ నాలుగు సెకన్లే.

“ఎవర్ని చూస్తున్నాడు?” అన్నాను.

“టీ తెచ్చే కుర్రాణ్నండీ.”

దాని ముందు కొడుకు సైకిలెక్కి వెళ్లిపోయే షాట్ అతికించి మళ్లీ ప్లే చేశారు. టీ కోసం చూసిన చూపు కాస్తా కొడుకు కోసం చూసిన చూపయింది. సుమారు నూరేళ్ల కిందట రష్యాలో కులెషోవ్ ఇదే చేసి చూపించాడు. ఏ భావమూ లేని ఒకే నటుడి మొహం పక్కన ఒకసారి సూపు గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి ఆడమనిషి బొమ్మ పెడితే, చూసినవాళ్లు నటుడి మొహంలో ఆకలి, దుఃఖం, కోరిక చూసుకున్నారట. మా ఎడిటర్ గారికి కులెషోవ్ పేరు తెలీదు. పెళ్లికూతురి తల్లి ఏడుపు దొరకనప్పుడు ఆవిడ పొగకి కళ్లు తుడుచుకున్న షాట్ తెచ్చి అప్పగింతల్లో వేయడం మాత్రం పాతికేళ్లుగా తెలుసు.

ఇంతలో డైరెక్టర్ కుర్రాడు, ఇంకో ఇద్దరు వచ్చారు. అసలు ఎడిటింగ్ అప్పుడు మొదలైంది. వైనతేయ పాయ మీద డ్రోన్ షాట్ నలభై సెకన్లు. కథకి దాంతో పనిలేదు. కానీ డ్రోన్ అద్దె వాళ్ల జేబులోంచి పోయింది. బుల్లెట్ బండి ఇచ్చినాయన కనపడాలి. డైరెక్టర్ మేనమామ నవ్వాలి. చూసేవాడికి అద్దె సంగతి తెలీదని వీళ్లకి నచ్చజెప్పడం కంటే లిప్ సింక్ సరిచేయడం తేలికలా ఉంది.

గట్టి పోరు ప్రభల షాట్ దగ్గర. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో తీసుకున్నారు. పదకొండు ఊళ్ల ప్రభలు చేరే తీర్థం అది. 2023 గణతంత్ర దినం నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా నడిచింది కూడా అదే. గంగలకుర్రు ప్రభని భుజాలకెత్తుకుని గుండెల్లోతు కౌశికలోకి దిగిన జనం, ఫోన్ పట్టుకున్నవాడు కూడా వాళ్లతోపాటే నీళ్లలో. పెద్ద కెమెరాల వాళ్లు గట్టు మీంచి తీస్తారు. ఇది లోపలి నుంచి వచ్చిన షాట్. ఎడిటర్ గారు దాన్ని తీసేస్తానంటే నాకే ప్రాణం ఒప్పలేదు.

“బాబాయ్, సినిమాలో బాగున్నది అదొక్కటే కదా!”

“అందుకేరా తీసేది. దీని తర్వాత మీ నాన్న సీను ఎవడు చూస్తాడు?”

ఆయనదే న్యాయమని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆ షాట్‌ని విడిగా ఒక చిన్న ఫిల్ముగా కట్టిస్తానని మాటిచ్చాక గానీ కుర్రాడు మెత్తబడలేదు.

తండ్రి చూపు మీద వయొలిన్ వేయడం మాత్రం నాకు నచ్చలేదు. ఇంజన్ చప్పుడొక్కటీ చాలన్నాను. “ఫోన్ స్పీకర్లో అది వినపడదండీ” అన్నారు. కుర్రాళ్లయితే సినిమా పాట బిట్టే వేయమన్నారు. అది వేస్తే యూట్యూబ్ పట్టేసుకుంటుంది: శబ్దం మూసేస్తుంది, లేదంటే వచ్చే డబ్బు పాట హక్కుదారుకి పోతుంది. వచ్చే డబ్బంటూ ఏమీ లేదన్నది వేరే సంగతి.

లేచేముందు లెక్కల మాట వచ్చింది. పెళ్లి వీడియోకి తీసుకునేదాంట్లో పావు వంతు కూడా అడగలేదాయన. కుర్రాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. “సగం ఇప్పుడిస్తాం బాబాయ్, మిగతాది మా కొబ్బరితోట దింపు అయ్యాక.”

“పోయినసారి దింపు ఇంకా అవలేదేంట్రా?” అంటూనే ఎక్స్‌పోర్ట్ నొక్కారు.