దేవుడు లేడనే వారి వాకిట్లో

విజయవాడ పేరు చెప్పగానే హిందువులకు ఇంద్రకీలాద్రి మీది కనకదుర్గ గుడి గుర్తుకు వస్తుంది. కతోలికులకు గుణదల కొండ మీది మరియమాత గుడి గుర్తుకు వస్తుంది. మన సంఘాల వారికి సువార్త మహాసభలు, బంధువుల పెళ్ళిళ్ళు, పెద్దాసుపత్రి గుర్తుకు వస్తాయి. అదే ఊళ్ళో, బెంజి సర్కిల్ దగ్గర పటమటలో ఇంకొక స్థలం ఉంది. అక్కడ విగ్రహం లేదు, సిలువ లేదు, ప్రార్థన గంట లేదు. దానిపేరు నాస్తిక కేంద్రం.

విశ్వాసులకు అక్కడ ఏమి పని అని కొందరు అడుగవచ్చు. ప్రియ పాఠకులారా, దేవుణ్ణి నమ్మనివారు ఇప్పుడు ఎక్కడో దూరంగా లేరు. బడిలో మన పిల్లలకు పాఠం చెప్పే మాస్టారు కావచ్చు, ఎర్రజెండా పట్టిన మేనమామ కావచ్చు, పట్నంలో చదువుకొని ఆదివారం ఆరాధనకు రావడం మానేసిన మన కొడుకే కావచ్చు. 2011 జనాభా లెక్కలలో దాదాపు 29 లక్షల మంది మతం పేరు తెలుపలేదు. వారందరూ నాస్తికులని చెప్పలేము గాని, ఏ మతం గడిలోనూ కుదురుకోనివారు మనమధ్య ఉన్నారని మాత్రం తెలుస్తున్నది. వారు మనలను, మన పొరుగువారి మతాలను ఎలా చూస్తారో తెలుసుకుందామని ఈ ప్రయాణం పెట్టుకున్నాము.

ఈ కేంద్రం మొదట విజయవాడలో పుట్టలేదు. మచిలీపట్నం వెళ్ళే దారిలో ఉయ్యూరు దగ్గర ముదునూరు అనే పల్లె ఉంది. 1940లో గోపరాజు రామచంద్రరావు గారు, ఆయన భార్య సరస్వతి గారు అక్కడ దీనిని ప్రారంభించారు. 1947లో విజయవాడకు మార్చారు. లోకం ఆయనను గోరా అని పిలిచింది. 1902లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, వృక్షశాస్త్రం చదివి, కాలేజీలలో పాఠాలు చెప్పారు. మదురైలో మిషనెరీలు స్థాపించిన అమెరికన్ కాలేజీలో కూడా కొంతకాలం పనిచేశారు. జంధ్యం తీసివేసినందుకు తండ్రి ఇంటినుండి బయటికి పంపివేశారు. నాస్తికుడని కాలేజీ ఉద్యోగం కూడా పోయింది. విశ్వాసం కోసం ఇల్లు విడిచినవారి సాక్ష్యాలు మన సంఘాలలో ఎన్నో విన్నాము. అవిశ్వాసం కోసం ఇల్లు విడిచినవారూ ఉన్నారని ముదునూరు వెళ్ళినప్పుడు తెలుసుకున్నాము.

ముదునూరులో గోరా గారు పున్నమి రాత్రులు సహపంక్తి భోజనాలు పెట్టించేవారు. మాలపల్లెవారు, పెద్దకులాలవారు ఒకే వరుసలో కూర్చుని తినాలి. ఆ రోజులలో అది ఎంత పెద్దమాటో పల్లెవాసులకు వేరే చెప్పనక్కరలేదు. ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గర కూడా కులాన్నిబట్టి వరుసలు కట్టిన సంఘాలు మన ప్రాంతంలో లేకపోలేదు. వారి విస్తరి ముందు మన బల్లను పెట్టి చూసుకుంటే సిగ్గుపడవలసిన మాటే.

పేర్ల సంగతి వినండి. మన ఇళ్ళలో దానియేలు, రూతు, సమూయేలు అని పెట్టుకుంటాము. హిందువుల ఇళ్ళలో వేంకటేశ్వర్లు, సీతమ్మ ఉంటారు. గోరా దంపతులు ఏ దేవుడి పేరూ వద్దనుకున్నారు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. తొమ్మిదో సంతానానికి హిందీలో తొమ్మిది అని అర్థం వచ్చే నౌ అనే పేరు పెట్టారు. 1949లో వారు నడిపిన తెలుగు పత్రిక పేరు ‘సంఘం’. ఆ మాట వింటే మనకు చర్చి గుర్తుకు వస్తుంది. వారికి ఊరంతా సంఘమే.

అన్ని మతాలనూ వారు ఒకే విధంగా చూస్తారా? మేము మాట్లాడినవారిలో ఒక సంగతి గమనించాము. ఎవరికైనా తాము పుట్టిన మతం మీదే కోపం ఎక్కువగా ఉంటుంది. తన ఇంటి కప్పు ఎక్కడ కురుస్తుందో ఇంట్లో ఉన్నవాడికే గదా తెలిసేది! పొరుగువాడి మతం మీద వారికి కోపం కంటే వింత ఎక్కువ. క్రిస్మసుకు కేకు పంపితే సంతోషంగా తీసుకుంటారు, రంజాను సేమ్యా తింటారు, సంక్రాంతి అరిసెలు వద్దనరు. పిండివంటకు మతం లేదంటారు. తెల్లవారకముందే మోగే మైకు మాత్రం వారికి గిట్టదు. అది గుడిదైనా, మసీదుదైనా, చర్చిదైనా ఒక్కటే. జబ్బుతో మంచాన ఉన్న మనిషి దగ్గరకు వచ్చి, మతం పుచ్చుకుంటే బాగవుతావని చెప్పడం కూడా వారికి గిట్టదు. అన్నిటికంటె వారి మనసును నొప్పించే మాట ఇంకొకటి ఉంది. దేవుని భయం లేనివాడికి నీతి ఎక్కడిది అనే మాట. ఆ మాట మన ప్రసంగాలలో ఎన్నిసార్లు వస్తుందో సంఘ పెద్దలు ఆలోచించాలి.

అయితే వారు చేసినదంతా మనకు సమ్మతమని కాదు. 1972 ఆగస్టు 15న గోరా గారు విజయవాడలో ఆవుమాంసం, పందిమాంసం కలిపి వడ్డించే కార్యక్రమం పెట్టారు. హిందువులకూ ముస్లిములకూ మధ్య ఉన్న గోడ కూల్చాలని వారి ఉద్దేశం. మా మట్టుకు మాకు అది రుచించలేదు. భోజనం విషయంలో సహోదరుని మనస్సాక్షిని గాయపరచకూడదని అపొస్తలుడు కొరింథు సంఘానికి బోధించాడు. గోడ కూల్చడానికి సహపంక్తి చాలును.

గాంధీగారు మాత్రం గోరా గారిని దూరంగా పెట్టలేదు. దినమూ ప్రార్థన చేసే మహాత్ముడు, ప్రార్థనకు రాని ఈ నాస్తికుణ్ణి సేవాగ్రామ్‌లో చేర్చుకొని గంటల తరబడి మాట్లాడారు. గోరా గారి పెద్దకూతురు మనోరమను హరిజన యువకుడు అర్జునరావు గారికి ఇచ్చి చేయడానికి నిశ్చయించినప్పుడు, ఆ పెళ్ళి సేవాగ్రామ్‌లో జరిపిస్తామన్నారు. దేవుని పేరుకు బదులు సత్యం పేరు చెప్పడానికి కూడా ఒప్పుకున్నారు. 1948 జనవరి 30న గాంధీగారు హత్యకు గురయ్యారు. ఆ మార్చిలోనే సేవాగ్రామ్‌లో ఆ వివాహం జరిగింది.

విజయవాడ నుండి పాసింజరు బండి ఎక్కి తెనాలి, బాపట్ల దాటితే, చీరాలకు ముందే స్టూవర్టుపురం వస్తుంది. అది చూడకుండా ఈ యాత్ర ముగించలేము. ఎరుకలవారిని పుట్టుకతోనే నేరస్తులని ముద్రవేసిన చట్టం కింద, 1913 ప్రాంతంలో ఇక్కడ సెటిల్మెంటు ఏర్పడింది. ప్రభుత్వం దానిని సాల్వేషన్ ఆర్మీ వారికి అప్పగించింది. వారు బడి పెట్టారు, సేద్యం నేర్పారు, ఆరాధన నడిపారు. ఆ మేలు కాదనలేనిది. కాని సువార్త చెప్పినవారి చేతిలోనే సర్కారువారి హాజరు పుస్తకం కూడా ఉంది. 1952లో ఆ చట్టం రద్దయినా ఊరికి పడిన చెడ్డపేరు పోలేదు. 1970లలో లవణం గారు, ఆయన భార్య హేమలత గారు ఈ ఊరికి వచ్చి, దొంగలనే ముద్ర పడినవారి ఇళ్ళలో కూర్చుని, వారితో తిని, నేరం విడిచిన కుటుంబాలకు బతుకుతెరువు వెదికారు.

ఈ హేమలత గారు ఎవరనుకున్నారు? ‘క్రీస్తు చరిత్ర’ కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన మన గుర్రం జాషువ గారి కుమార్తె. తండ్రి క్రీస్తును గూర్చి కావ్యం రాశారు. కూతురు నాస్తికుల ఇంట కోడలై, మిషనెరీలు నడిచిన ఊళ్ళోనే నడిచారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు కూడా అంతే. మిషను సంస్థలవారు, సర్వోదయంవారు, నాస్తిక కేంద్రంవారు అందరూ ఆ బురదలో దిగారు. కొట్టుకొచ్చిన శవానిది ఏ మతమని ఎవరు అడిగారు?

మంచి సమరయుడి కథ చెప్పినప్పుడు మన ప్రభువు, గాయపడినవాడి దగ్గర ఆగినవాడి మతాన్ని ముందుగా పరీక్షించలేదు. మనం నమ్మినది విడువనక్కరలేదు, దాచనూ అక్కరలేదు. నమ్మనివాడి ఎదుట దానిని బతికి చూపాలి. ఆదివారం గుడికి రాని కొడుకు మీ ఇంట ఉంటే, వాణ్ణి భోజనాల దగ్గర నిందించవద్దు. వాడి ప్రశ్న పూర్తిగా వినండి. వాడికోసం ప్రార్థన చేయండి, కాని వాడికి వినబడాలని గట్టిగా చేయవద్దు. ఈసారి పండుగకు పక్కింటి నమ్మని మాస్టారుగారికి కూడా ఒక పళ్ళెం పంపండి. వారు తీసుకుంటారు.